బస్సు బాగయ్యేదాకా

పులసా? అయ్యో, ఇప్పుడెక్కడిదండీ బాబూ,
ఎర్రనీళ్ళతో వచ్చింది, ఎర్రనీళ్ళతోనే పోయింది.
శ్రావణంలో రావాల్సింది మీరు.
కార్తీకంలో గోదారికి ఇంకో బుద్ధి పుడుతుంది.
తూర్పుగాలి తగిలిందా,
మొగ దగ్గర నీళ్ళు మసకేస్తాయి.
మావాళ్ళు పాత చీరలు తీసి వలలుగా పడతారు.
బియ్యపుగింజంతేసి చేపలు
బకెట్లకి బకెట్లు రేవుకి దిగుతాయి.
చీరమేను అంటామండి, ఆయ్.
తూకం లేదు. గ్లాసుతో కొలుస్తాం.

కూర్చోండి. ఆ బల్ల కాదు, అది కుంటుద్ది.

పంచారామాల బస్సులో వాళ్ళేగా మీరు.
ఎదుర్లంక వంతెన దిగుతూనే గేరుబాక్సు పోయిందట,
సామాను కాకినాడ నుంచి రావాలట,
ఊరందరికీ తెలిసిపోయింది.
మూడు గుళ్ళయ్యాయి, రెండున్నాయి.
మధ్యలో ఒక ప్లేటు.
దేవుడి లెక్క దేవుడిది,
నా లెక్క నూట ఇరవై.

చింతకాయ తొక్కి, పచ్చిమిరప చీల్చి,
దాక అంచులు గుడ్డతో పట్టుకుని ఒక ఊపు ఊపానంతే.
గరిట పెడితే పాయసమైపోద్ది.
మా అత్త నూకరత్నం చెప్పినవాటిలో
పనికొచ్చింది ఇదొక్కటే.

తొమ్మిదిన్నర దాటితే యానాం వేరే ఊరండి.
బ్రాందీ షాపుల ముందు అవతలి ఒడ్డు బళ్ళు.
ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన తిన్నని వీధుల్లో
వంకరగా నడిచే మనుషులు.
గట్టు మీద పల్లీల బండి, ఫొటోలకి నిలబడే కాలేజీ పిల్లలు,
అరటిదొప్పలో దీపం వదిలి
అది కనుమరుగయ్యేదాకా మెడ సాచే ముసలమ్మ.
నిన్న ఒక దీపం పడవకి తగులుకుని
మళ్ళీ గట్టుకే వచ్చింది.
ఆవిడ దాన్ని తిట్టింది, కూతుర్ని తిట్టినట్టు.

షాపులు కట్టేశాక అందరూ నా దగ్గరికే.
కొందరు అప్పడగడానికి, కొందరు ఏడవడానికి.
వేడి ఇడ్లీ పెడితే ఏడుపు ఆగుద్ది,
ఎందుకో నాకూ తెలీదు.

తినేశారా? ఇదిగో నిమ్మచెక్క,
గోళ్ళ సందుల్లో రుద్దండి. ఈ తమలపాకు నమలండి.
లాడ్జిలో మీ ఆవిడ ఉపవాసమా?
నాకేం, నేను చెప్పను.

*

రెండోరాత్రి వాన పట్టింది.
బస్సు కింద మెకానిక్ కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.
నా పాక చూరు కింద ఒకావిడ,
పసుపు రాసిన పాదాలు, చేతిలో చెప్పులు,
ఎంతసేపట్నుంచి నిలబడిందో.

“నిన్న మా ఆయన తిన్నది ఇక్కడేనా?”

మార్కాపురం వైపు మాట.
దొరికిపోయాననుకున్నాను.

“పడుకున్నాక కూడా వేళ్ళు వాసన చూసుకున్నాడు,
మూడుసార్లు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా వండి పెడతన్నా,
నా కూరకి అట్టా ఒక్కనాడు చూసుకోలా.”

తిట్టడానికొచ్చిందో ఏడవడానికొచ్చిందో
నేను తేల్చుకునేలోపే
కుంటి బల్ల దగ్గరే కూర్చుంది.
“ఇయ్యాల సోమవారం కాదుగా” అంది
నాతోనో, వానతోనో.

పరదాగా పాత ఫ్లెక్సీ దించాను.
గ్లాసు నిండా కొలిచి, పైన ఇంకో గుప్పెడు.
ఒక్క మెతుకు మిగల్చకుండా తింది,
నా మొహం మాత్రం చూడలేదు.
చివర్లో, గరిట లేకుండా ఎట్టా ఊపుతావో చూపించమంది.
దాక తన చేతికే ఇచ్చాను.
మొదటిసారి కొంచెం ఒలికింది.
పిల్లి చూసుకుంది దాని సంగతి.

అంతలో హారన్. బస్సు బాగయింది.
చీరకొంగు ముడి విప్పి నూట ఇరవై లెక్కపెట్టి
“చింతకాయలు మా ఊళ్ళో కూడా కాస్తయ్యి” అంది,
“చేపే...”
మాట అక్కడే వదిలేసి, చెప్పులు చేత్తోనే పట్టుకుని
వానలో గబగబా నడిచింది.

వంతెన వైపు కాదు,
ద్రాక్షారామం రోడ్డున ఎర్రలైట్లు చిన్నవైపోయాక
బల్ల తుడుస్తుంటే కనబడింది
కోసి పెట్టిన నిమ్మచెక్క.
ఇవ్వడం మరిచిపోయాను.