బాడుగ వేరే, బువ్వ వేరే

పత్తికొండ మార్కెట్లో ఆ పొద్దు
జత గంపలు ముప్పై రూపాయలు పలికినాయి.
పలికినాయి అనడం కూడా మర్యాదకే.
వేలం పాడేటోడు బీడీ నోట్లోంచి తీయకుండానే అన్నాడు.

ఉరుకుందమ్మవి ఇరవైరెండు గంపలు.
తెచ్చింది నా బండిలో,
ఇంకా పదకొండు కంతులు కట్టాల్సిన బండిలో.
కమీషనూ హమాలీ పోతే మిగిలేది
నా డీజిలుకు కూడా చాలదు.
లెక్క నాకు తెలుసు, ఆమెకు తెలుసు.
ఇద్దరం తెలియనోళ్ల మాదిరి నిలబడినాం.

చానామంది గుత్తి రోడ్డు మీద పారబోసి పోయినారు.
ఆమె పది జతలు వచ్చిన కాడికి ఇచ్చేసి
రెండు గంపలు మళ్లీ ఎక్కించమంది.
"ఏం చేసుకుంటావు పెద్దమ్మా?"
"టమాటాలు ఏం చేసుకుంటార్రా? తింటారు."

తుగ్గలి దారిలో చీకటి పడింది.
ఎవరిదో చేను. పత్తికట్టె కాల్చి పోయినారు,
బూడిద కింద నిప్పు ఇంకా మేలుకొనే ఉంది.
"ఆపు మౌలాలీ. లైట్లు ఇట్లా తిప్పు."

పక్క మడిలో పచ్చిమిరపకాయలు కోసింది.
గట్టు మీద నిలబడి చీకటికి వినబడేట్టు అరిచింది:
"పదహారు కాయలు కోసినానయ్యో!
పగిడిరాయి ఉరుకుందమ్మను!"
బదులుగా గట్టు మీద నాలుగు టమాటాలు పెట్టింది.
ఆ పొద్దటి ధరకు అది అప్పు తీర్చడమో
ఎగతాళి చేయడమో నాకు అర్థం కాలా.

ఆమె సద్దిమూటలో మూడు జొన్నరొట్టెలు,
కల్లుప్పు పొట్లం, ఒక తెల్లగడ్డ.
మొన్నటి బాడుగలో రాలిన బుడ్డలు
నా బండి సందుల్లోంచి పుల్లతో గీరి తీసింది, గుప్పెడు.
అన్నీ నిప్పుల్లోకి.

టమాటా తోలు పగలడం దగ్గరగా విన్నారా మీరు?
టప్‌మని చిన్న చప్పుడు, వెనకే సన్నని ఈల.
రసం నిప్పు మీద చుర్రుమంటే
తీపీ పులుపూ కాని మూడో వాసన ఒకటి లేస్తుంది.
మిరపకాయ పొగకు ముక్కుతో పని లేదు,
నేరుగా నడినెత్తికి పోతుంది.
నేను దగ్గినా. ఆమె దగ్గింది.
రోడ్డు మీద మోటారుసైకిల్లో పోయేటాయన కూడా దగ్గి,
ఆగకుండా పోయినాడు.

నూరేదానికి రాయి కావల్ల.
ఈ నేలల్లో తొలకరి పడితే వజ్రాల కోసం
ఎక్కడెక్కడి జనమో వంగి వెతుకుతారు.
ఆమె నా సెల్లు వెలుగులో అట్లే వంగింది.
దొరికినాయి: పళ్లెమంత బండ, పిడికిలంత గుండ్రాయి.
బాటిలు నీళ్లతో కడిగి కొంగుతో తుడిచింది.

ముందు ఉప్పూ తెల్లగడ్డా. మిరపకాయలు వాటి మీద.
బుడ్డలు బరకగా ఉండల్ల,
పంటికి తగలకపోతే అది ఊరుబిండి కాదు, మందు.
టమాటా ఆఖర్న. నూరకూడదు, నొక్కల్ల.
నల్లతోలు ఒలవబోతే చేతి మీద కొట్టింది.
"పొగంతా దాంట్లోనే ఉంటే పారేస్తావేమ్రా!"

బండి వెనక తలుపు దించి కూర్చున్నాం.
రొట్టె తుంచి అద్దుకున్నా.
మొదటి ముక్కకు చెవులు కాగినాయి.
రెండోదానికి మార్కెట్టు మర్చిపోయినా.
మూడోదానికి గుర్తొచ్చింది, కంతుతో సహా.
ముక్కు తుడుచుకుంటా తిన్నా.

మిగిలిన రొట్టె నా వైపు జరిపినప్పుడు
నోరు జారినా:
"బాడుగ ముట్టినట్టే లే పెద్దమ్మా."

ఆమె చెయ్యి ఆగిపోయింది.
"బాడుగ వేరే, బువ్వ వేరే.
రాసుకో. ఆరు నూర్లు.
నా ముందరే రాయి."

రాసినా. కాగితం మీద
బొటనవేలు అంటుకొని ఎర్రగా మిగిలింది.

ఉగాది దాటినాక రెండు నూర్లిచ్చింది.
పీర్ల పండక్కు ఒక నూరు.
తక్కిన మూడూ నేను అడగను,
ఆమె మర్చిపోదు.

ఆ గుండ్రాయి నా సీటు కింద ఉంది.
మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతుంది.
బ్రేకు కిందికి వస్తుంది, పారెయ్యి అంటుంది ఇంట్లో.
నిజమే.
పారెయ్యల్ల.