మరలో అడ్డుపడింది

బల్ల అంచుకి ఖీమా మర బిగించాడు హెడ్లీ.
కింద మడతపెట్టిన గోనెగుడ్డ,
లేకపోతే చెక్క మీద గాట్లు పడతాయని ఫిలమీనా గోల.
బయట న్యూఫౌండ్‌లాండ్ అక్టోబరు గాలి
ఒకప్పుడు చేపలెండేసిన ఖాళీ తడికెల్లో దూరి
ఎవర్నో పిలుస్తున్నట్టు ఈల వేస్తోంది.

ముసలి మూస్ దుప్పి. ముదురు కండ.
వేపుడుకి లొంగదు, మరకే లొంగాలి.
రాత్రంతా షెడ్డులో వేలాడి సగం గడ్డకట్టింది భుజం.
అలాగే ఉండాలి.
మెత్తబడితే మర కొరకదు, నములుతుంది.

నా పని పొరలు తీయడం.
ఆల్చిప్ప లోపలివైపులా మెరిసే తెల్లపొర,
కత్తిమొన కిందికి దూర్చి కొస పట్టుకుని లాగితే
ఒక్కోసారి నిలువునా వచ్చేస్తుంది.
ఒక్కోసారి రాదు.
వదిలేశామా, మర మెడకి చుట్టుకుని
పిడి తిప్పేవాడి రెక్క పీకేస్తుంది.

కొవ్వు లేని మాంసం ఇది.
చిత్తడిలో మోకాళ్ల లోతు నడిచి నడిచి
తనకంటూ ఏమీ దాచుకోని ఒళ్లు.
అందుకని నాలుగు గుప్పిళ్లకి ఒక గుప్పెడు పంది కొవ్వు.
లెక్క ఫిలమీనాది.
లెక్క తప్పితే పెనం మీద ఇసుకలా రాలిపోతుందంటుంది.

మూడో గిన్నె సగంలో
టక్.
పిడి ఆగింది.
"ఎముక" అన్నాడు హెడ్లీ.
"చూసే కోశాను" అన్నాను.

మూతి విప్పి, వేలు పెట్టి లాగితే
ఉడికిన గుడ్డంత గట్టి తెల్లటి ముద్ద.
దాని కడుపులో తూటా.
రాగి తొడుగు చీలి
సీసం పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది.
మొన్న హెడ్లీ కాల్చింది మెడలో.
ఇది అది కాదు.
దీని చుట్టూ మాంసం ఏళ్ల తరబడి గోడ కట్టుకుంది.

ఆరేళ్ల కిందట, కొండవతల కుంట దగ్గర,
మా లియాండర్
వాళ్ల నాన్న నాటి త్రీ నాట్ త్రీతో కాల్చి
"తగిలింది, భుజంలోనే తగిలింది" అని
చీకటిపడేదాకా పొదలన్నీ వెతికి
వట్టి చేతుల్తో ఇంటికొచ్చాడు.
నెత్తుటి చుక్కయినా లేదు.
ఆ చలికాలమంతా
పడవల రేవులో, చర్చి మెట్ల మీద, ఎక్కడ ఎదురుపడినా
"భుజం ఎలా ఉందిరా తమ్ముడూ?" అనేవాడు హెడ్లీ.
అందరూ నవ్వేవాళ్లు.
నేనూ నవ్వాను.
పోయిన మార్చిలో కన్నుమూసేదాకా
ఆ ఒక్క మాటా మార్చలేదు లియాండర్.

కుళాయి కింద కడిగి
కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు హెడ్లీ.
"ఎవరిదైనా కావొచ్చు.
ఈ తీరాన త్రీ నాట్ త్రీ లేని ఇల్లేదీ?"
కావొచ్చు అన్నాను నేనూ.
సీసం తగిలిన ఆ గిన్నెడూ
కుక్కకి కూడా వద్దని పారబోసింది ఫిలమీనా.
మళ్లీ మర బిగించాడు.
ఈసారి నెమ్మదిగా తిప్పాడు,
చుట్టుచుట్టుకీ చెవి ఒగ్గి.

సాయంత్రం ఇనప పెనం.
ఉప్పు పంది ముక్క కరిగిన నూనెలో ఉల్లిపాయ,
దూలానికి కట్టి ఎండబెట్టిన సేవరీ ఆకు
అరచేతిలో నలిపి చల్లి,
మొదటి ఉండ తట్టి వేసింది ఫిలమీనా.
అంచులు గోధుమరంగు తిరిగాక
రుచి చూడమని నాకే ఇచ్చింది.
ఉప్పు తక్కువైందన్నాను.
ఉప్పు సరిపోయింది.
నోరు ఏదో ఒకటి అనాలి కదా.

మర భాగాలన్నీ వేణ్ణీళ్లలో కడిగి
తుప్పు పట్టకుండా ఓవెన్ వెచ్చదనంలో ఆరబెట్టాం.
పొట్లాల మీద తేదీ, బరువు రాసి
నా వాటా అట్టపెట్టెలో సర్దిపెట్టాడు హెడ్లీ,
నా వైపు చూడకుండానే.

ఇంటికొచ్చి లెక్కపెట్టాను. పదమూడు.
నాకు రావాల్సింది పన్నెండే.
మళ్లీ లెక్కపెట్టాను.
ఆప్రాన్ జేబులో ఎప్పుడు వేసుకున్నానో ఆ ముక్క,
వంగినప్పుడల్లా
ఫ్రీజర్ తలుపుకి తగిలి
టక్ మంటోంది.