తాలు రంగు

షేడ్ కార్డులో పద్దెనిమిది వందల రంగులు.
పిచ్చేశ్వరరావు గారు దాన్ని
పేకముక్కల్లా ఒకసారి విప్పి, మూసి,
"ఎరుపు మాత్రం వద్దమ్మా" అన్నారు.
"తెల్లారింది మొదలు యార్డులో చూసేది అదేగా."

సరే, తెలుపన్నాను.
తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో
చదువుకున్నదంతా అప్పజెప్పాను.
కొబ్బరి తెలుపు, ముత్యం తెలుపు,
పాలు విరగబోయే ముందు తెలుపు.
మస్తాన్ వలీ రెండు కోట్లు వేశాడు.
కొరిటెపాడు ఇంట్లో హాలు హాలంతా
మడత విప్పిన కొత్త పంచెలా నిలబడింది.

ఆయన వచ్చి, చెప్పులు విడిచి,
గుమ్మంలోనే ఆగిపోయారు.
"తాలు" అన్నారు.

బెజవాడదాన్ని, నాకు తెలీదు.
జేబులోంచి రెండు కాయలు తీసి
అరచేతిలో పెట్టారు.
ఒకటి తేజ, నిగనిగలాడుతోంది.
రెండోది వెలిసిపోయి, మచ్చలు పడి,
జ్వరం తగ్గి లేచిన మనిషి గోరులా ఉంది.
"టిక్కీలో ఇవి గుప్పెడు కనపడితే
క్వింటాకి ఎంత తెగుతుందో తెలుసా?
నువ్వు నా గోడలన్నీ తాలు చేశావు."

నవ్వు రాలేదు.
ఐదేళ్ల చదువు, ఎనిమిదేళ్ల పని.
రంగుకి లీటరు ధర కాక
ఇంకో ధర ఉంటుందని
ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆయన వెంట చుట్టుగుంట దాటి యార్డుకి పోయాను.
దగ్గు. తుమ్ము. కళ్ల నీళ్లు. కర్చీఫు చాల్లేదు.
పాటకి ముందు గోతాన్ని జరిపించారు,
ఎండలోకి కాదు, ఎండ పక్కకి.
"ఎండ పొగుడుతుంది. బల్బు అబద్ధమాడుతుంది.
ఈ రేకుల చూరు కింద, తొమ్మిదింటికి,
ఎండకీ నీడకీ మధ్య జానెడు చోటుంటుంది.
కాయ నిజం చెప్పేది అక్కడే."
నేనైతే దీన్నే కెల్విన్లలో చెప్పేదాన్ని.
నాలుగు స్లైడులు పట్టేది.

ఆ జానెడు చోటు కోసం ఇల్లంతా వెతికాను.
హాల్లో లేదు.
ఫాల్స్ సీలింగు అంచుల్లో
నేను దాచిపెట్టిన లైట్ల దగ్గర అసలే లేదు.
వంటింటి వెనక, గిన్నెలు తోమే గట్టు మీద దొరికింది.
సామ్రాజ్యం గారు నలభై ఏళ్లుగా
బియ్యంలో రాళ్లు ఏరేది అక్కడేనట.
"చెప్పొచ్చుగా అండీ?"
"ఎవరడిగారు?"

అడిగాను. సున్నంలో నీలిమందు కలిపిన గోడ కావాలన్నారు,
చేత్తో రాస్తే చేతికంటాలన్నారు.
కార్డులో లేదది.
మస్తాన్ వలీ కుంచె పారేసి
వాళ్ల నాన్న నాటి ఈతబరిగె చీపురు వెతుక్కొచ్చాడు.
చుక్క ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి
ఆవిడే బక్కెట్టు పక్కన కూర్చుని కలిపారు.
మోచేతుల దాకా నీలం.

బొమ్మల సంగతి.
వాస్తు చూసినాయన ఏడు గుర్రాలన్నాడు.
సోఫా పైన పరిగెడుతున్నాయి, కాదనలేదు.
ఎన్ని హాళ్లలో చూశానో,
వాటి గిట్టలు కూడా గుర్తుపడతాను.
కానీ అటక మీది సామాన్లలో ఒక తగరపు రేకు బయటపడింది,
గోతాల మీద మార్కా కొట్టేది.
పిచ్చేశ్వరరావు గారి నాన్న కొట్టు పేరు,
అక్షరాల చోట కన్నాలు.
తూర్పు కిటికీకి వేలాడదీశాను.
తొమ్మిదింటికి ఆ పేరు
నీలి గోడ మీద పడుతోంది, కొంచెం ఒంగి.

రెండక్షరాలు పడవు.
ఎప్పటిదో నల్ల రంగు గడ్డకట్టి పూడిపోయాయి.
గుచ్చి తియ్యనా అని మస్తాన్ మేకు పట్టుకుని నిలబడ్డాడు.
పిచ్చేశ్వరరావు గారు ఊఁ అనలేదు, వద్దనలేదు.
బిల్లు చదువుతున్నారు.
డిజైను ఫీజు దగ్గర వేలు ఆగింది.
"కళ్ల మంట తగ్గిందా?" అన్నారు.
తగ్గిందన్నాను.
వెళ్లేటప్పుడు ఆ తేజ కాయ అడిగి తెచ్చుకున్నాను,
నా కార్డులో ఆ ఎరుపు లేదు.

రాత్రి బస్సు వారధి ఎక్కాక
కాయని ఫోను వెలుగులో తిప్పి తిప్పి చూశాను.
అబద్ధమే చెప్పింది.
నిద్రొచ్చి కళ్లు నులుముకున్నాక గానీ గుర్తు రాలేదు
చెయ్యి కడుక్కోలేదని.