రెండు మలుపులు

మూడో కంప్రెసర్ మళ్ళీ గొణుగుతోంది.
ఈ ఏడాదిలోనే రెండుసార్లు బేరింగులు మార్చారు.
మొదటిసారి నెపం నూనె మీద పెట్టారు,
రెండోసారి పునాది మీద,
ఆ తర్వాత ఒరిన్‌బాయ్ వయసు మీద.

ఒరిన్‌బాయ్ మారు మాట్లాడలేదు.
చేతితొడుగు తీసి
సక్షన్ పైపు మీద అరచెయ్యి ఆనించాడు,
చూడి ఒంటె కడుపు తడిమినట్టు.
"లోపల సుళ్ళు తిరుగుతోంది" అన్నాడు.

మంగిస్తావ్ మైదానంలో జనవరి.
కాస్పియన్ మీంచి వచ్చే గాలిని ఆపడానికి
ఎండిన ముళ్ళపొదలు తప్ప ఇంకేం లేవు.
కంచె లోపల, గొట్టంలో పోయే గ్యాసుకి మాత్రం
వెంటవెంటనే రెండు మలుపులు,
ఒకటి పక్కకి, ఒకటి కిందికి.
తమాయించుకునే వ్యవధి లేక
మెలిపడి, అలాగే వెళ్ళి చక్రం నోట్లో పడుతుంది.
పంక్తిభేదం చేసిన విందు:
ఒక రెక్కకి పొర్లిపోయేంత,
పక్క రెక్కకి ఖాళీ విస్తరి.
గొణగదూ మరి!

రౌషన్ కొలతలు తెచ్చింది.
కొత్త ఇంజనీరు, అన్నవి పాత బూట్లు.
తిన్నటి గొట్టం ఆరు వ్యాసాల పొడవు కావాలి,
ఉన్నది ఒకటిన్నర.
"ఈ వంకర ఎవరు పెట్టారు?"
పాత డ్రాయింగుల్లో కారణం రాసి లేదు.

ఒరిన్‌బాయ్ కిటికీలోంచి వేలు చూపించాడు.
గొట్టం తప్పుకుని పోయే చోట
మంచులో సగం మునిగిన రాయి,
గొర్రెపోతులా చెక్కింది, కొమ్ములు అరిగినవి.
ఎవరి సమాధో ఎవరికీ తెలియదు.
"లైను వేసేటప్పుడు నాకు ఇరవై రెండు.
తవ్వడం ఆపేశాం. ఫోర్‌మన్ తిట్టాడు.
మధ్యాహ్నం దాకా తిట్టి,
టీ తాగి,
గీత మార్చాడు."

రౌషన్ టీ చల్లారిపోయింది.
పెన్సిల్ తీసి,
మలుపుని మలుపుగానే ఉంచి
దాని కడుపులో వంగిన రేకులు గీసింది, ఐదు.
మంద దారి తిరిగే చోట
కాపర్లు నిలబడ్డట్టు.

తొలెగెన్ వెల్డింగ్ చేసిన రోజు
స్టేషనంతా ఆగింది.
రాతి మీంచి మంచుపెళ్ళ జారిన చప్పుడు
కంట్రోల్ రూములోకి వినిపించింది.

మళ్ళీ నడిపారు.
ఏడున్నర దగ్గర వణికే ముల్లు
మూడు దగ్గర నిలబడింది.
ఒరిన్‌బాయ్ అరచెయ్యి పెట్టి చూశాడు.
"ఇంకా కొంచెం ఉంది."
"ఉండనీ" అంది రౌషన్,
కొత్త డ్రాయింగు మూల, గీతకి పక్కనే,
చిన్న అక్షరాలతో రాస్తూ:
ఇక్కడ రాయి ఉంది.