గాజు పద్దు

సెమెయ్ పట్నంలో, పరిహారాల కార్యాలయంలో
మూడో కిటికీ నాది.
అద్దానికి అడుగున అరచేతి వెడల్పు కంత.
కాగితాలు అందులోంచే వస్తాయి, పోతాయి,
ఒక్కోసారి వేళ్ళు కూడా.

నా ఎడంపక్క గోడకి పటం.
స్టెప్ మైదానాన్ని రంగురంగులుగా పంచారు,
ప్రమాదం ఎంతెంతో చెప్పడానికి.
ఏ ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా
చెబితే చాలు, హెచ్చవేసి మొత్తం రాస్తాను.
ఆ రోజు గాలి ఎటు వీచిందో రాసే గడి
నా ఫారంలో లేదు.

కుల్జిపా మొదటిసారి ఏప్రిల్‌లో వచ్చింది.
తెల్ల తలగుడ్డ. మగవాళ్ళ బూట్లు.
ఊరు తాస్కుదుక్.
అక్కడున్నట్టు రుజువు?
"ఉన్నాను కదా."
కాగితం కావాలి, అపా.
బడి రిజిస్టరు ఎలకల పాలైందట,
పెళ్ళి పత్రంలో ఇంకో జిల్లా పేరుందట.
"మా ఆయన సమాధి రాయి ఉంది, పెకలించి తేనా?" అంది.
నవ్వలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు
పిండిబస్తా గుడ్డలో చుట్టిన పద్దు పుస్తకం తెచ్చింది.
సామూహిక క్షేత్రం దుకాణానిది.
దుకాణందారు కూతురు
చెక్కపెట్టె అడుగున పరుచుకుని మరిచిపోయిందట.
ఉప్పు. కిరసనాయిలు. ఇటుక టీ, సగం.
తర్వాత, వాలిన ఊదారంగు రాతలో:
ఆగస్టు. కిటికీ గాజు, రెండు పలకలు. ఎసిర్కెప్. బాకీ.
నవంబరు. గాజు, నాలుగు. ఎసిర్కెప్. కూలిలో కోత.
మళ్ళీ మార్చి.
మళ్ళీ ఆగస్టు, ఈసారి పుట్టీ కూడా.

"ముందురోజు సిపాయి గుర్రమెక్కి వచ్చేవాడు.
కిటికీలు తీసిపెట్టండి, కందకంలో బోర్లా పడుకోండి అని.
నాకు ఏడో నెల. బోర్లా ఎలా పడుకోను?
వెల్లకిలా పడుకున్నాను.
అందుకే చూశాను."

ఏం చూశావని నేనడగలేదు.
ఆమె వెనక మెట్లదాకా వరస.

పదకొండేళ్ళు. హెచ్చవేశాను.
ఆ నెల రూబుల్ చేతిలో మంచులా ఉండేది.
కాగితం మీద పెద్ద అంకె,
బజారుకెళ్తే ఒక బస్తా పిండి, మోయడానికి తేలికైన చక్కెర.
కంతలోంచి చూపించాను.
పెదవులు కదుపుతూ అంకె చదివి అడిగింది:
"గాజు డబ్బు కలిపావా?"

ఏ గాజు?

"వాళ్ళు పగలగొట్టింది. మేం కొన్నది.
బిడ్డల లెక్క నిన్నడగను,
దానికి నీ దగ్గర తూకంరాళ్ళు లేవు.
గాజుకి ధర ఉంది. ఇదిగో, రాసి ఉంది."

చట్టంలో లేదన్నాను. నా గొంతు నాకే
పక్క కిటికీ నుంచి వినిపించినట్టుంది.
అయినా పలకలు కూడాను,
పుస్తకం చివరిదాకా, వేలు పెట్టి:
నలభై ఒకటి.
ఎక్కడ రాయాలో తెలియలేదు.

నివాసం రుజువైంది, ముద్ర వేశాను.
దేశం బాకీ కింద రాసుకున్న మనిషి
అక్కడ ఉన్నట్టే గదా.

సంతకం పెట్టి, పుస్తకం తిరిగి చుట్టుకుంది.
పోతూ పోతూ నా అద్దం మీద
గోటితో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి,
"కింది మూల పుట్టీ ఊడింది," అంది,
"చలికాలం రాకముందే చూసుకో."