పేజీకి నూట ఇరవై

తంబుచెట్టి వీధిలో మెట్ల కింద నా బల్ల.
తెలుగు దస్తావేజులు ఇంగ్లీషులోకి,
ఇంగ్లీషు తీర్పులు తెలుగులోకి.
పేజీకి నూట ఇరవై. ముద్రకు వేరే.

నిన్న ఆండాళమ్మ వచ్చింది
తండయార్‌పేట నుంచి, రెండు బస్సులు మారి.
జవుళికొట్టు సంచిలోంచి తీర్పు నకలు తీసి
నాలుగో పేజీలో ఎవరో గీసిన పెన్సిలు గీత మీద
వేలు పెట్టింది.
"ఇది నన్ను తిట్టిందా, మెచ్చుకుందా?
ముందు అది చెప్పు నైనా."

వెస్టెడ్ ఇంటరెస్ట్.

ముప్పై ఏళ్లుగా ఈ మాటను దాటుకుంటూ వస్తున్నాను,
వానలో పారీస్ కార్నర్ దాటినట్టు,
పంచె ఎత్తిపట్టి,
నీళ్ల కింద రోడ్డుందో లేదో చూడకుండా.

"ఇంటరెస్టంటే వడ్డీ కదా,
నేనెవరికి బాకీ?" అంది.
వడ్డీ కాదమ్మా, హక్కు. నిహితమైన హక్కు.
"నిహితమంటే?"
లోపల పెట్టినది. దాచినది.
"దాచడానికి నా దగ్గరేముంది"
అని సంచి తిరగేసి చూపించింది.
కళ్లజోడు డబ్బా, సగం వాడిన మాత్రల అట్ట,
నలిగిన బస్సు టికెట్లు.

సరే వినండి, అన్నాను.
మీ మామగారు మునుస్వామి నాయుడు
ఇల్లు కొడుక్కి రాయలేదు. తాగి తగలేస్తాడని భయం.
కోడలి కడుపులో ఉన్న బిడ్డకు రాశాడు.
ఆ బిడ్డ భూమ్మీద పడి ఏడ్చిన ఘడియలో
ఇల్లు దానిదైపోయింది,
తాళంచెవి అందకపోయినా,
గుప్పిట విప్పడం రాకపోయినా.
ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు, చావు కూడా.
అదీ ఆ మాట.

"పదకొండు రోజులు" అంది.

తీర్పులో ఉంది: పేరు పెట్టని ఆడశిశువు.
పదకొండు రోజులు ఆ ఇంటికి యజమానురాలు.
ఉయ్యాల వేలాడిన దూలం తనది,
కింద అద్దెకున్న సైకిల్ షాపు తనది,
గొడవ పడే చిన్నాన్న నిలబడ్డ గడప తనది.
తర్వాత తల్లిది.

"అయితే మెచ్చుకున్నట్టే."
ఆగండమ్మా, అని తొమ్మిదో పేజీ తిప్పాను.
అక్కడ మరిది తరఫు వకీలు వాదన.
ఈమె సాక్ష్యం నమ్మరాదు, ఈమెకు
వెస్టెడ్ ఇంటరెస్ట్ ఉంది.
అదే మాట. అవే అక్షరాలు.
నాలుగో పేజీలో పీటవేసి కూర్చోబెట్టింది
తొమ్మిదో పేజీలో మెడపట్టి గెంటుతోంది.

ఇంగ్లీషుకు ఒక్క మాట చాలింది.
తెలుగులో నేను రెండు రాయాలి,
ఇక్కడ హక్కు, అక్కడ స్వార్థం.
ఆ రెండోది ఎప్పుడూ ఎదుటివాడికే ఉండే జబ్బు.
పేపర్లో, మైకులో, అసోసియేషన్ మీటింగులో
వేలెత్తి అంటారు; నాకుంది అని
ఎవరూ అనగా నేను వినలేదు.

"స్వార్థమని రాస్తావా?"
వద్దా?
పై అంతస్తులో ఎవరో వాయిదా తేదీ ఫోనులో అరుస్తున్నారు.
అది అయ్యేదాకా ఆగింది.
"రాయి. ఉంది కదా నాకు.
లేకపోతే నలభై ఏళ్లు ఎవరు తిరుగుతారు?"

నవ్వాను గానీ ఆ నవ్వు వెనక్కొచ్చి తగిలింది.
ఆ ఇంటి మీద ఎవరికి లేదని?
స్టాంపులమ్మే దేవసహాయానికి, జిరాక్సు పిల్లకి,
వాయిదాకొక గ్లాసు చొప్పున టీ పోసే పళనికి.
వాళ్ల పిల్లల స్కూలు ఫీజుల్లో ఆ ఇంటి ఇటుకలున్నాయి.
నాకూ. డబల్ స్పేసులో కొడతాను,
కోర్టు నిబంధన అంటాను.
నిబంధన నిజమే.
మార్జిను మాత్రం నాది.

సాయంత్రానికి పద్నాలుగు పేజీలు.
పది రూపాయల నోట్లు కూడా కలిపి లెక్కపెట్టి ఇచ్చింది.
ఆమె తగ్గించమనలేదు. నేను తగ్గించలేదు.

లేచినదల్లా మళ్లీ బల్ల మీదికి వంగి
"పేరు పెట్టని అని ఉందే, అది తప్పు" అంది.
"పెట్టాను. ఎవరికీ చెప్పలేదు."
చెవిలో చెప్పింది.

తీర్పులో లేని మాటను అనువాదకుడు చేర్చరాదు.
చేర్చలేదు.