నలుపు నలభై సెకన్లు

చూడటం నా ఉద్యోగం.
కిసుములో, మూడో అంతస్తులో, చప్పుడు చేసే ఫ్యాను కింద
పొద్దున్నుంచి ఒకే వీడియో
ముప్పై ఒక్కసారి చూశాను.

మొదటిసారి ఒళ్ళు జలదరించింది.
ఐదోసారికి లెక్కలు మొదలయ్యాయి:
వెనక హోమా కొండ మొన, సరిపోయింది.
ఒడ్డు మీద నీడల పొడవు, ఉదయం తొమ్మిది దాటింది.
బోల్తా పడ్డ పడవ మీద తలకిందులుగా అక్షరాలు:
న్యార్ నామ్. సరస్సు కూతురు.
పన్నెండోసారికి నాకు ఆకలేసింది.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గుర్రపుడెక్క ఆకుల మధ్య
పసుపు డబ్బా కావలించుకున్న ఒకామె
పదకొండో సెకనులో ఇటు తిరుగుతుంది.
ఫోను వైపు కాదు,
ఫోను పట్టుకున్న మనిషి వైపు.
ఆ చూపు నాకు రాసిన ఉత్తరం కాదు.
అయినా విప్పాను.
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి,
ఆమె కంటిపాపలో ఒడ్డు ఆనవాలు వెతికాను.

ఇరవై ఆరో సెకను దగ్గర
తెర మీద ఒక తునక ఆకాశం, ఒక తునక బురద,
ఆ తర్వాత నలుపు.
నలభై సెకన్లు నలుపే.

"అక్కడేం లేదు అపోండీ, కోసెయ్" అన్నాడు ముతిసో.
చెడ్డవాడు కాడు.
ఆమె ముఖం మసక చెయ్యమన్నదీ అతనే.
కోశాను.

సాయంత్రానికి లోకం తీర్పు చెప్పేసింది:
మనుషులు మునిగిపోతుంటే
సినిమా తీస్తున్నాడు, వీడి చేతులు పడిపోను!

వాడి పేరు ఒక్విరి. చేపల బుట్టలు మోస్తాడు.
అదీ నేనే నిర్ధారించాను.

రాత్రి అందరూ వెళ్ళాక
చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని
ఆ నలుపొక్కటే చూశాను.
విప్పి పారేసిన చొక్కా మీద
బోర్లా పడింది ఫోను.
దబ్బున నీళ్ళ చప్పుడు.
తర్వాత వాడి గొంతు, దూరమవుతూ, ఎగరొప్పుతూ:
డబ్బా వదలకు తల్లీ, డబ్బా వదలకు, వస్తున్నా.
చివర్లో ఎవరో పిల్లవాడు
"ఇదెవరి ఫోను?" అంటాడు.
అంతే, ఆగిపోతుంది.

నలభై సెకన్లూ తిరిగి అతికించి ముతిసోకి పంపాను.
"నలుపుని ఎవరు చూస్తారు?" అని జవాబు.
తప్పు కాదు, అతనూ లెక్కలు చూస్తాడు.

తెల్లారకముందే ఒక్విరికి ఫోన్ చేశాను.
చాలాసేపు మోగింది.
పేపరు పేరు చెప్పాను.
అవతల బుట్ట కింద పెట్టిన చప్పుడు.
"ఇంకేం కావాలి," అన్నాడు, "నా ఫొటోనా?"

లేదు అనడానికి
నాకు ఒక క్షణం ఎక్కువే పట్టింది.